కండలు కరిగిన ఆగస్టు

ఆగస్టు 18

నూట అరవై రెండు పౌండ్లు. కోచ్ వికర్స్ తూకం మీద అంకె చూశాడు, నన్ను చూశాడు, రాసుకున్నాడు, దిగమన్నాడు. తిట్టినా బాగుండేది.

మా ఊళ్ళో హైస్కూలు బేస్‌బాల్ జట్టుకి నాలుగేళ్ళూ విసిరిన బంతి పట్టే క్యాచర్ని నేనే. పాయింటు కోసం నేను కాసే హోమ్ ప్లేట్ వైపు పరుగెత్తుకొచ్చేవాడు నన్ను చూసి వేగం తగ్గించేవాడు. ఇక్కడ కాలేజీలో బట్టలు మార్చుకునే గదిలో నా పక్కనున్న మూడో ఏడాది వాడి తొడ నా నడుమంత ఉంది. గోడవైపు తిరిగి షర్టు వేసుకున్నాను.

స్కూల్లో ప్రాక్టీసంటే బంతులు పట్టడం, బ్యాటింగు, చివర్లో కాస్త పరుగు, ఆ తర్వాత ట్రక్కు వెనక కూర్చుని కూల్‌డ్రింకులు. బరువులెత్తడం సరదా. ఇక్కడ చీకటుండగానే బరువుల గది. మధ్యాహ్నం ఎండలో మైదానం. క్యాచర్లకి అదనంగా, భుజాల మీద ఇనుప కడ్డీతో గుంజీళ్ళు. తొమ్మిది ఇన్నింగ్సులు గొంతుక్కూర్చునేవాడికి కాళ్ళే ఆస్తి అంటాడు వికర్స్. ఇంకో మాట కూడా అన్నాడు: అక్టోబరుకి జట్టులోంచి కొందరు పోయి కొన్ని లాకర్లు ఖాళీ అవుతాయట, ఎవరివో మా ఒళ్ళే చెబుతాయట.

ఆగస్టు 20

నాతో గదిలో ఉండేవాడు జెరోడ్ బ్యాటిస్ట్. న్యూ ఆర్లీన్స్ కుర్రాడు, ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చరు, నాలాగే మొదటి ఏడాది. నా ఇంటిపేరు ఆర్సెనో అని వినగానే, వరిపొలాల వాడివా, మీ వైపు మనుషులకంటే క్రాఫిష్ రొయ్యలే ఎక్కువటగా అన్నాడు. అవి తెల్లవారుజామునే లేవక్కర్లేదు అన్నాను. బాగా నవ్వాడు.

వాడికి భయం లేదు. భయపడ్డట్టు కనపడితే సగం ఓడినట్టేనంటాడు. అందుకే ఇవి వాడితో చెప్పకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇవాళ మిస్ రోండా మా అందరితో మాట్లాడింది. దెబ్బలు తగిలితే కట్లు కట్టేది, ఐసు పెట్టేది ఆవిడే. నీళ్ళు తాగమంది. నొప్పి వేరు, దెబ్బ వేరు, తేడా తెలియకపోతే తన గది తలుపు తెరిచే ఉంటుందంది. ఆవిడ అటు వెళ్ళగానే పెద్దవాళ్ళు నవ్వారు. ఆ తలుపు తోసినవాణ్ణి 'చంటిపాప' అంటారట ఇక్కడ. పోయినేడు ఒకణ్ణి డిసెంబరు దాకా అలాగే పిలిచారట.

ఆగస్టు 21

బాగానే ఉంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకున్నాను.

ఆగస్టు 24

అమ్మ ఫోన్ చేసింది. తింటున్నావా అంది. ఆరు గుడ్లు, అన్నం, మళ్ళీ అన్నం, పడుకునే ముందు ప్రోటీన్ పొడి కలిపిన పాలు. తిన్నది సగం బయటికే వస్తోందని చెప్పలేదు. జెరోడ్ ఎలాంటివాడని అడిగింది. మంచివాడన్నాను. అది నిజం. నాలుగు పౌండ్లు పెరిగానన్నాను. అది అబద్ధం.

ఆగస్టు 26

అక్షరాలు కుదరడం లేదు.

మొదటి ఏడాది వాళ్ళలో ఎవరో ఇద్దరు ఆలస్యంగా వచ్చారు. వికర్స్ అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు. మమ్మల్నందరినీ ఎండలోకి తీసుకెళ్ళాడు. ఇనుప బండి మీద బరువులు పెట్టి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి తోయడం, వెంటనే గుంజీళ్ళు, మళ్ళీ బండి. ఒక్కడు ఆగినా అందరికీ లెక్క మొదటికొస్తుంది. అదే నియమం.

నాలుగుసార్లు మొదటికొచ్చింది. ఒకసారి నా వల్ల.

చివర్లో జెరోడ్ మోకాళ్ళ మీద పడిపోయాడు. వాడి చంకల కింద చేతులు వేసి లేపింది నేనే. లేరా, నీ వల్ల అందరం మళ్ళీ మొదలెట్టాలి అన్నాను. కొట్టినట్టే అన్నాను. లేచాడు. వాడి కళ్ళు నన్ను చూడలేదు, ఎటో చూస్తున్నాయి. ఇద్దరం పూర్తి చేశాం.

పూర్తయ్యాక వికర్స్ నా భుజం తట్టి, ఇప్పుడు నువ్వు ఆటగాడివి అన్నాడు. నాకు సంతోషమేసింది. ఎందుకేసిందో తెలీదు, కానీ వేసింది.

ఆగస్టు 27

మంచం మీంచి దిగడానికి దొర్లాల్సి వచ్చింది. తొడలు రాళ్ళయ్యాయి. ముట్టుకుంటే నావిలా లేవు. అందరికీ ఇలాగే ఉంటుంది కదా.

ఆగస్టు 28

పొద్దున మూత్రం డికాక్షన్‌లా వచ్చింది. చిక్కటి టీ డికాక్షన్. చూస్తూ నిలబడిపోయాను. ఆ పొడి వల్ల కాబోలు. నీళ్ళు తక్కువ తాగి ఉంటాను. బయట జెరోడ్ తలుపు కొట్టి, లోపల కాపురం పెట్టావా అన్నాడు. రెండుసార్లు నీళ్ళు వదిలి బయటికొచ్చాను.

నీళ్ళు తాగాను. ఇంకా తాగాను. సాయంత్రానికి తగ్గింది.

తగ్గలేదు. తగ్గిందని రాస్తే తగ్గుతుందనుకున్నాను.

ఆగస్టు 29, శుక్రవారం

క్లాసు నుంచి వచ్చేసరికి జెరోడ్ బాత్రూములోంచి గోడ పట్టుకుని వస్తున్నాడు. వాడు నీళ్ళు వదలడం మరిచిపోయాడు. నేను లోపలికెళ్ళి చూశాను. నాదీ వాడిదీ ఒకటే రంగు. వాడిది ఇంకా నలుపు.

బయటికొచ్చాను. నా మొహం చూసి వాడికే అర్థమైంది.

"చూశావా?" అన్నాడు.

"నాకూ అలాగే ఉందిరా. నిన్నటి నుంచి."

వాడు మంచం మీద కూర్చోబోయి కూర్చోలేక, దుప్పటి పట్టుకుని మెల్లగా వాలాడు. తొడలు జీన్సు కుట్లని లాగుతున్నాయి. మిస్ రోండా దగ్గరికి వెళ్దాం అన్నాను. వెళ్దాం అని అనలేదు, వెళ్దామా అన్నాను. వాడు కిటికీ వైపు తిరిగాడు. రేపు మాలో మేము ఆడే మొదటి ఆట. కొత్తవాళ్ళని కోచ్‌లందరూ చూసేది రేపే. వాడు రెండు ఇన్నింగ్సులు వేయాలి, నేను పట్టాలి.

"రేపు అయిపోనీ," అన్నాడు. "ఆదివారం ఇద్దరం కలిసి వెళ్దాం. ముందు నువ్వెళ్ళకు, నేనూ వెళ్ళను. సరేనా?"

సరేనన్నాను. చెప్పాలంటే నా గుండె తేలికపడింది. నిర్ణయం నాది కాదు కదా అనిపించింది.

కాసేపటికి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. జెరోడ్ వీడియోలో నవ్వుతూ మాట్లాడాడు. ఫోన్ నా వైపు తిప్పి, అమ్మా, వీడే క్రాఫిష్ అన్నాడు. నేనూ నవ్వాను, చెయ్యి ఊపాను.

ఆగస్టు 30

జెరోడ్ లేవలేదు. పిలిస్తే పలికాడు కానీ మాటలు ముద్దగా ఉన్నాయి. బకెట్టులో వాంతి చేసుకున్నాడు. బూట్లు తొడగరా, ఆటకి టైమవుతోంది అన్నాడు. నేను వాడి పాదం చేతిలోకి తీసుకుని బూటు ఎక్కించడం మొదలెట్టాను. నిజంగా మొదలెట్టాను. పాదం బూటులో పట్టలేదు. అంత వాచింది. బూటు నా చేతిలో ఉంది, నేను నేలమీద కూర్చుని ఉన్నాను.

లేచాను. వాడు ఎక్కడికిరా అన్నాడు. నీళ్ళకి అన్నాను.

మిస్ రోండా మైదానం పక్కన కూలరులో ఐసు పోస్తోంది. జట్టంతా అక్కడే ఉంది. జెరోడ్‌కి ఒంట్లో బాగాలేదు, వాంతులు, కాళ్ళు వాచాయి, మూత్రం నల్లగా వస్తోంది అని చెప్పాను. చెబుతుంటే వెనక మాటలు ఆగిపోయాయి. ఆవిడ ఐసు సంచి వదిలేసి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. తెలీదన్నాను. నడవబోతూ ఆగి నా కాళ్ళ వంక చూసింది. నేను కంచె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"నీ సంగతేంటి?"

"నేను బాగానే ఉన్నానండీ."

"ల్యూక్. చేతులు తీసేసి నిలబడు."

చేతులు తీశాను. నిలబడలేకపోయాను.

సెప్టెంబరు 2

ఆసుపత్రి. రెండు చేతులకీ సెలైన్. నర్సు రాసుకోవడానికి పెన్ను ఇచ్చింది.

డాక్టరు చిన్నావిడ, నెమ్మదిగా చెప్పింది. కండలకి అలవాటు లేని పని ఒక్కసారిగా, ఆపకుండా, ఎండలో పడితే అవి చితికిపోతాయట. చితికిన సరుకు రక్తంలో కలిసి మూత్రపిండాల్లో అడ్డుపడుతుందట. మీరు స్కూల్లో చేసిందానికీ ఇక్కడ చేసిందానికీ మధ్య నెలలు పట్టే దూరం ఉంది, దాన్ని మీతో ఒక్క పూటలో దాటించారు అంది. నాది నయమవుతుందట. జెరోడ్ గురించి అడిగితే, అతని వాళ్ళతో మాట్లాడుతున్నాం అంది. నయమవుతుందని అనలేదు.

నేను ఒక రోజు ముందు చెప్పి ఉంటే అని అడగబోయాను. అడగలేదు. ఆవిడ నిజం చెబుతుందేమోనని.

సెప్టెంబరు 3

జెరోడ్‌కి మిషన్ పెట్టారు. మూత్రపిండాలు పనిచేయడం లేదు. అది వాడి రక్తం బయటికి తీసి కడిగి లోపలికి పంపుతోందట. గోడకి అవతలే ఉన్నాడు. ఏ చప్పుడు విన్నా వాడి మిషనేమో అనుకుంటున్నాను.

సెప్టెంబరు 4

మిసెస్ బ్యాటిస్ట్ నా గదికి వచ్చింది. ఫోన్లో చూసిన మనిషే, కానీ ఫోన్లో పెద్దగా కనపడింది. మా అమ్మ లేచి కుర్చీ ఇచ్చింది. ఆవిడ కూర్చోలేదు.

"నీకెప్పుడు తెలిసింది నాయనా?"

శుక్రవారం అన్నాను.

"శుక్రవారమే కదా వాడు నాతో మాట్లాడింది. నువ్వూ పక్కనే ఉన్నావు."

"ఉన్నానండీ."

"అప్పటికే తెలుసా?"

"తెలుసండీ."

"నవ్వావు కదా నాయనా నువ్వు. నాకు చెయ్యి ఊపావు."

మా అమ్మ ఏదో అనబోయింది. మిసెస్ బ్యాటిస్ట్ ఆమె వైపు చూడలేదు. నా దుప్పటి కాళ్ళ దగ్గర జారి ఉంటే పైకి లాగి సరిచేసింది. తర్వాత వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 7

నన్ను పంపించేశారు. వాణ్ణి పంపలేదు.

సెప్టెంబరు 12

జెరోడ్‌ని చూడటానికి వెళ్ళాను. మిషన్ తీసేశారు, మూత్రపిండాలు మళ్ళీ పనిలో పడుతున్నాయట. నేను సంతోషంగా మొదలుపెట్టాను. ఈ ఏడు ఆడకపోయినా వచ్చే ఏడుంది, నీ చోటు నీకే ఉంచుతారట అని చెప్పాను. వాడు పైకప్పు చూస్తూ విన్నాడు. మొహం ఎండిపోయి ముసలివాడిలా ఉంది.

"నా గురించి చెప్పావు. మరి నీ గురించి?"

ఏమంటావురా అన్నాను.

"మిస్ రోండా చెప్పింది మా అమ్మకి. నువ్వు బాగానే ఉన్నానన్నావట. ఆవిడ అడిగేదాకా. అందరి ముందూ నన్ను మాత్రం ముందుకి తోసి, నువ్వు ఆడదామనుకున్నావు. నేను పోతే ఒక లాకర్ ఖాళీ. అంతేగా?"

కాదు అన్నాను. వాడు గోడవైపు తిరిగాడు. వచ్చేశాను.

కాదు. వాణ్ణి కాపాడటానికే వెళ్ళాను.

సెప్టెంబరు 13

కాదు.

సెప్టెంబరు 15

జట్టులో మొత్తం నలభై మంది. వాడొకడు తగ్గితే... ఆ ఆలోచన వచ్చింది. కంచె దాకా నడిచేటప్పుడు వచ్చింది. దానికోసం వెళ్ళలేదు. కానీ వచ్చింది.

సెప్టెంబరు 23

కాలేజీ వాళ్ళు ఆరా తీస్తున్నారు. ఒక గదిలో ముగ్గురు కూర్చుని నన్ను అడిగారు. మొదటికొచ్చే లెక్క గురించి, ఎండ గురించి, నీళ్ళు ఇచ్చారా లేదా అన్నదాని గురించి. జెరోడ్‌ని లేపింది ఎవరని కూడా అడిగారు. నేనేనన్నాను. వికర్స్ చెప్పాడా లేపమని అన్నారు. లేదు, ఎవరూ చెప్పలేదు అన్నాను. ఆ ముగ్గురిలో ఒకావిడ పెన్ను ఆపింది.

బయటికొస్తే గుమ్మం దగ్గర మూడో ఏడాది వాళ్ళు. మేం కూడా అదే చేశాం, మాకేం కాలేదు అని ఒకడు నాకు వినపడేలా అన్నాడు. భోజనాలప్పుడు నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. కళ్ళు తిప్పి ఒక్కొక్కళ్ళనీ చూశాను. కొత్తవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. వాళ్ళ కాళ్ళు నాకు బల్ల కింద కనపడుతున్నాయి. వాళ్ళ మూత్రం ఏ రంగులో వచ్చిందో ఎవరైనా అడిగారా?

అక్టోబరు 3

వికర్స్ వెళ్ళిపోయాడు. పంపేశారంటున్నారు. దారిలో ఎదురుపడ్డాడు, చేతిలో అట్టపెట్టె. ఎలా ఉన్నావు అని అడిగాడు. బాగున్నాను కోచ్ అన్నాను. ఆయనా భయపడుతున్నట్టు ఉన్నాడు. ఆయన్ని అసహ్యించుకోవాలని ప్రయత్నించాను. భుజం తట్టినప్పటి సంతోషం గుర్తొచ్చి సాగలేదు.

అక్టోబరు 20

లాకర్లు ఖాళీ చేయించారు. నాది ఉంచారు. జెరోడ్‌ది కూడా ఉంది, తాళం వేసి. వాడు న్యూ ఆర్లీన్స్‌లో వాళ్ళమ్మ దగ్గర ఉన్నాడు. రెండుసార్లు మెసేజ్ పెట్టాను. చూశాడు.

జనవరి 14

డాక్టర్లు ఒప్పుకున్నారు. మళ్ళీ బరువుల గది. కొత్త కోచ్ కురచ మనిషి, ఒట్టి కడ్డీతో మొదలుపెట్టించాడు. బరువేమీ లేదు. అయినా నాలుగో గుంజీకి తొడల్లో మంట లేచింది. ఇది మామూలు మంటా, ఆ మంటా? నా ఒంటిని నేనే అడుగుతున్నాను, అది చెప్పడం లేదు. చెవుల్లో హోరు. చుట్టూ అందరూ లెక్కపెడుతున్నారు.

కడ్డీ స్టాండు మీద పెట్టేశాను.

కోచ్ వచ్చాడు. నొప్పా అన్నాడు. తెలీదు కోచ్ అన్నాను. ఆ మాట అనడానికి నాకు పట్టిన దమ్ము బండి తోయడానికి కూడా పట్టలేదు. ఆయన నన్ను చూసి, సరే, కూర్చో, తెలిశాక చెప్పు అన్నాడు. బెంచీ మీద కూర్చున్నాను. ఎవరో మూలనుంచి చంటిపాప అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. నేను తొడల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. మంట తగ్గింది. అప్పుడు లేచి, మిగిలినవి చేశాను.

జనవరి 29

రోజూ భయమే. రోజూ వెళ్తున్నాను.

ఫిబ్రవరి 8

జెరోడ్ తిరిగొచ్చాడు. వేరే గది ఇప్పించుకున్నాడు. మెట్ల దగ్గర ఎదురుపడితే తల ఊపాడు.

ఫిబ్రవరి 17

మధ్యాహ్నం నా తలుపు తట్టింది జెరోడే. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి, డాక్టరు బంతి విసరడానికి ఒప్పుకుంది, మెల్లగా, పట్టేవాడు కావాలి అన్నాడు. జట్టులో ఇంకో ఇద్దరు క్యాచర్లున్నారు. ఆ మాట నేననలేదు. గ్లవ్ తీసుకున్నాను.

మైదానంలో ఎవరూ లేరు. వాడు పిచ్చరు నిలబడే గుట్ట మీదికి ఎక్కలేదు, గడ్డిలోనే నిలబడ్డాడు. నేను గొంతుక్కూర్చున్నాను. మొదటి బంతి నా దాకా రాలేదు, నేల తాకి దొర్లింది. పట్టి తిరిగి విసిరాను. రెండోది వచ్చింది. ఆగస్టులో వాడి బంతి గ్లవ్‌లో పడితే అరచెయ్యి చురుక్కుమనేది. ఇవాళ పిల్లాడు వేసినట్టుంది. ఇద్దరం మాట్లాడుకోలేదు. చెమట పట్టింది వాడికి. మొహం తెల్లబడుతోంది. మళ్ళీ అదే భయం. ఆపమని నేను చెప్పాలా? చెబితే మళ్ళీ వాణ్ణి నేనే ఆపినట్టా? చెప్పకపోతే? బంతి చేతిలో పట్టుకుని తిరిగి వేయకుండా అలాగే కూర్చున్నాను.

జెరోడ్ నన్ను చూస్తున్నాడు. బంతికోసం గ్లవ్ ఎత్తి ఉన్నవాడు మెల్లగా చెయ్యి దించాడు.

"ఇవాళ్టికి చాలురా," అన్నాడు. "కాళ్ళు వణుకుతున్నాయి."

"నావీ," అన్నాను.

వాడు అక్కడే గడ్డిలో కూర్చున్నాడు. నేనూ నా చోట కూర్చున్నాను. మా మధ్య అరవై అడుగుల దూరం. కాసేపటికి వాడు ఇటు రమ్మన్నట్టు తల ఊపాడు. లేచి నడిచాను.